సాక్ష్యం చెప్పి దిగిన తర్వాత



మన సంఘాల్లో సాక్ష్యం ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. ముందు జబ్బు. తర్వాత డాక్టర్లు పెదవి విరవడం. ఆ తర్వాత ఉపవాస ప్రార్థన, రిపోర్టు మారిపోవడం. "దేవునికే మహిమ" అనగానే అందరం చప్పట్లు కొడతాం, కీబోర్డు వాయించే అబ్బాయి పాట ఎత్తుకుంటాడు, సాక్ష్యం చెప్పినవారు దిగివచ్చి తమ చాప మీద కూర్చుంటారు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. మేలు పొందినవారు నోరు తెరచి చెప్పుకోవడం మంచిదే. అయితే అలా దిగివచ్చి కూర్చున్న మనిషి మర్నాడు పొద్దున్న లేవాలి. ఆ తర్వాత ఇంకో ముప్పై, నలభై ఏళ్ళు బ్రతకాలి. ఆ బ్రతుకు సంగతి మనం ఏ కూడికలోనూ చెప్పుకోము. ఈసారి దాని గురించి రాద్దామని కూర్చున్నాం. మాకు దొరికిన మనిషి సేవకుడూ కాడు, సువార్తికుడూ కాడు. ఆస్ట్రేలియా జట్టుకు వికెట్ కీపింగ్ చేసిన మాథ్యూ వేడ్.

క్రికెట్ అనగానే మన పెద్దవారు కొందరు ఇక్కడితో చదవడం ఆపేస్తారని తెలుసు. కొంచెం ఓపిక పట్టండి. మీ మనవల గురించి కూడా ఇందులో ఉంది.

ఈయన సంగతి మాకు చెప్పింది మా సంఘంలోని ఒక కుర్రవాడు. వాడికి పద్నాలుగేళ్ళప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద హైదరాబాదులో వైద్యం జరిగింది. రెండున్నరేళ్ళు మందులు పడ్డాయి. బాగయ్యాడు. ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. పేరు రాయము. ఎందుకు రాయమో ముందుకు వెళ్తే మీకే తెలుస్తుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఫోను పట్టుకొచ్చి, "అయ్యగారూ, ఈయనక్కూడా చిన్నప్పుడే వచ్చిందంటండి. ఎలా కొడుతున్నాడో చూడండి" అని వీడియో పెట్టాడు.

ఆ వీడియో మీ ఇళ్ళలో పిల్లలు చూసే ఉంటారు. 2021 నవంబరు 11, దుబాయ్, టీ20 ప్రపంచ కప్ సెమీఫైనల్. పాకిస్తాన్ ముందుగా ఆడి 176 చేసింది. ఆస్ట్రేలియాకు ఆఖరి రెండు ఓవర్లలో 22 పరుగులు కావాలి. బంతి షాహీన్ అఫ్రిదీ చేతిలో ఉంది. మూడో బంతిని వేడ్ గాల్లోకి లేపాడు. హసన్ అలీ పరుగెత్తుకొచ్చి చేతులు పెట్టాడు గాని బంతి జారిపోయింది. తర్వాతి మూడు బంతులూ సిక్సర్లే. ఒక ఓవరు మిగిలుండగానే మ్యాచ్ ముగిసింది. వేడ్ 17 బంతుల్లో 41, నాటౌట్. అవతల స్టోయినిస్ 40 పరుగులతో నిలబడి ఉన్నాడు. (క్యాచ్ జారవిడిచిన హసన్ అలీని ఆ రాత్రి జనం ఫోన్లలో ఎన్ని మాటలన్నారో! ఒక్క క్యాచ్‌కి మనిషిని అంతలా తిట్టాలా?)

మా యవనస్తులు ఆ మూడు సిక్సర్లనే సాక్ష్యంలా చెప్పుకుంటున్నారు. పదహారేళ్ళకు క్యాన్సర్, ముప్పై మూడేళ్ళకు ప్రపంచ కప్. మొదలూ ఉంది, ముగింపూ ఉంది. మధ్యలో పదిహేడేళ్ళు ఏమైపోయాయో ఎవరికీ అక్కరలేదు. సెమినరీలో మాకు ప్రసంగం చేయడం నేర్పినప్పుడు, ఉదాహరణ చెబితే దాన్ని ఎత్తైన చోట ఆపేయాలని, ఆ తర్వాత ఒక్క మాట కూడా కలపకూడదని చెప్పారు. ప్రసంగానికి అది మంచి సలహాయే. మనిషి బ్రతుకు మాత్రం అలా ఎత్తైన చోట ఆగదు. అందుకని ఆ పదిహేడేళ్ళ కోసం వెతికాం.

వేడ్ 1987 డిసెంబరు 26న హోబార్ట్‌లో పుట్టాడు. అది టాస్మేనియా రాజధాని. టాస్మేనియా అంటే ఆస్ట్రేలియా దేశానికి దిగువన, సముద్రం మధ్యనున్న దీవి రాష్ట్రం. ఆ దేశంలో ఫుట్‌బాల్ అంటే ఒక్కో వైపు ఒక్కో ఆట. సిడ్నీ, బ్రిస్బేన్ వైపు రగ్బీ లీగ్. మెల్‌బోర్న్‌లోనూ టాస్మేనియాలోనూ ఆస్ట్రేలియన్ రూల్స్ అనే ఆట. రెండింటిలోనూ బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, రెండింటిలోనూ దెబ్బలు తప్పవు. వేడ్ తండ్రి స్కాట్ వేడ్ మెల్‌బోర్న్‌లోని హాథార్న్ క్లబ్బుకు ఆడినవాడు. కొడుకు కూడా చలికాలమంతా ఆ ఫుట్‌బాల్, ఎండాకాలమంతా క్రికెట్ ఆడుతూ పెరిగాడు. పదహారేళ్ళప్పుడు ఫుట్‌బాల్ ఆడుతుంటే తొడల మధ్య దెబ్బ తగిలింది. డాక్టరుకు చూపిస్తే వృషణంలో గడ్డ ఉన్నట్టు బయటపడింది. క్యాన్సర్ అన్నారు. కీమోథెరపీ ఇచ్చారు.

ఇక్కడ కాసేపు ఆగుతాం. ఆదివారం బల్ల దగ్గర నిలబడి ఈ మాటలు అనలేము. ఇక్కడ రాయవచ్చు.

దెబ్బ తగలడం వల్ల ఆ క్యాన్సర్ రాదు. లోపల అప్పటికే ఉన్నది దెబ్బ పుణ్యమా అని బయటపడింది. దెబ్బ తగలకపోతే పదహారేళ్ళ పిల్లవాడు అక్కడ ఏదో గట్టిగా ఉందని ఎవరికి చెబుతాడు? మా గోదావరి జిల్లాల్లో బోదకాలు, వరిబీజం తెలియనివారు లేరు. ప్రభుత్వం వారు ఇంటింటికీ వచ్చి మాత్రలు మింగించిన జబ్బు అది. అందుచేత మగవాడికి అక్కడ వాపు ఉందంటే "వరిబీజంలే" అనేసి ఊరుకుంటారు. అసలు ఆ మాటదాకా వస్తే కదా! పిల్లవాడు తండ్రికి చెప్పడు, తల్లికి అంతకంటే చెప్పడు. స్నేహితుడికి చెబితే నవ్వుతాడు. పాస్టరుకు చెప్పడమన్నది వాడి ఊహకే రాదు. నెలలు గడిచిపోతాయి.

ఈ క్యాన్సర్ మన దేశంలో అరుదే. కాని వచ్చినవారిలో ఎక్కువమంది పదిహేనుకీ ముప్పై అయిదుకీ మధ్య వయసు మగవారు. నొప్పి లేని గట్టి గడ్డ, ఒక పక్క పెరగడం, అడుగున బరువు లాగుతున్నట్టు ఉండడం దీని గుర్తులు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగనివారికి ఇది వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ. మామూలు స్కానింగ్‌లో గడ్డ సంగతి తెలిసిపోతుంది. తొందరగా పట్టుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా బాగవుతారు. ఒక వృషణం తీసేసినా రెండోది బాగుంటే పెళ్ళికీ పిల్లలకూ సాధారణంగా అడ్డు ఉండదు. మందులు మొదలుపెట్టకముందే వీర్యాన్ని భద్రపరచుకునే ఏర్పాటు కూడా పెద్ద ఆసుపత్రుల్లో ఉంటుంది. వేడ్‌కు పిల్లలున్నారు. ఈ మాట ఎందుకు రాస్తున్నామంటే, మన పల్లెల్లో క్యాన్సర్ అనగానే మొదట ప్రాణం గురించి భయపడతారు, ఆ వెంటనే పెళ్ళి సంబంధాల గురించి భయపడతారు. ఆ రెండో భయంతోనే జబ్బును దాస్తారు.

ఇంత బాగా నయం కావడం ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సూక్ష్మజీవులున్న నీటిలోకి కరెంటు పంపి చూస్తున్నాడు. అవి చీలి రెండవడం మానేసి పొడుగ్గా సాగిపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. కారణం కరెంటు కాదు, కరెంటు పంపడానికి పెట్టిన ప్లాటినం నుంచి నీటిలో కలిసిన పదార్థం. నగల దుకాణంలో పెట్టే ప్లాటినమే. ఆ పదార్థం నుంచి సిస్‌ప్లాటిన్ అనే మందు వచ్చింది. 1974లో ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు దాన్ని ఇంకొన్ని మందులతో కలిపి వృషణ క్యాన్సర్‌కు ఇచ్చాడు. అంతవరకు ఆ జబ్బు ఒంట్లో పాకిందంటే బ్రతికేవారు చాలా తక్కువ. ఆ తర్వాత చాలామంది బ్రతకసాగారు. 2012లో మన యువరాజ్ సింగ్ ఊపిరితిత్తుల మధ్య గడ్డతో వెళ్ళింది ఆ ఐన్‌హార్న్ దగ్గరికే. యువరాజ్‌కు వచ్చినది కూడా ఆ కుటుంబానికి చెందిన గడ్డే, చోటు మాత్రం వేరు.

యువరాజ్ మందులు ముగించుకొని ఇండియా జట్టులోకి తిరిగి వచ్చిన మ్యాచ్ ఎక్కడ పెట్టారో గుర్తుందా? మన విశాఖపట్నంలో, 2012 సెప్టెంబరు 8న, న్యూజిలాండ్ మీద. ఆ రోజు వాన. ఒక్క బంతి కూడా పడలేదు. మూడు రోజుల తర్వాత చెన్నైలో ఆడాడు, 34 కొట్టాడు, ఇండియా ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. అద్భుతంగా తిరిగి వచ్చినవాడికి మొదట వాన, తర్వాత ఓటమి. సాక్ష్యంలో ఇది ఎవరూ చెప్పరు. మాకు మాత్రం ఇది ఎంతో ఇష్టమైన భాగం.

ఇక వేడ్ దగ్గరికి వద్దాం. జట్టులో బ్యాట్స్‌మెన్ ఆరుగురికి చోటుంటుంది, బౌలర్లు నలుగురికి ఉంటుంది. కీపర్ ఒక్కడే. ఆ ఒక్క చోటు నిండితే రెండోవాడు నీళ్ళు మోయాల్సిందే. టాస్మేనియాలో ఆ చోటు దగ్గర టిమ్ పెయిన్ ఉన్నాడు, వేడ్ ఊరివాడే. 2007లో వేడ్ ఇల్లు వదిలి, సముద్రం దాటి మెల్‌బోర్న్ వెళ్ళి విక్టోరియా జట్టులో చేరాడు. చావు తప్పించుకొని మూడేళ్ళే అయింది. అయినా సొంత ఊళ్ళో చోటు లేదు. ఇంకో సంగతి, అతనికి ఎరుపు, ఆకుపచ్చ రంగులు సరిగా తేడా తెలియవు. పచ్చిక మీద ఎర్ర బంతిని పట్టుకోవలసిన పని చేసేవాడికి ఆ లోపం ఉంది. పగలూ రాత్రీ ఆడే టెస్టుల్లో గులాబీ రంగు బంతి తెచ్చినప్పుడు అది కనిపించడం కష్టమని తానే చెప్పాడు.

2011 అక్టోబరులో ఆస్ట్రేలియాకు టీ20 ఆడాడు. 2012 ఫిబ్రవరి 5న మెల్‌బోర్న్‌లో మన ఇండియా మీద మొదటి వన్డే ఆడి 67 కొట్టి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. యువరాజ్‌కు క్యాన్సర్ అని మన దేశమంతా తెలిసి కుమిలింది కూడా ఆ నెలలోనే.

తర్వాత జరిగిన దాని దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. అప్పట్లో ఆస్ట్రేలియాకు టెస్టుల్లో కీపర్ బ్రాడ్ హాడిన్. 2012 మార్చిలో జట్టు వెస్టిండీస్‌లో ఉండగా హాడిన్‌కు ఇంటి నుంచి కబురు వచ్చింది. ఇంకా రెండేళ్ళు నిండని కూతురికి క్యాన్సర్. అతను ఆట వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలో, ఏప్రిల్‌లో, మాథ్యూ వేడ్ మొదటి టెస్టు ఆడాడు. మూడో టెస్టులో, డొమినికా దీవిలోని రోజోలో, 106 కొట్టాడు.

చూశారా? పదహారేళ్ళకు క్యాన్సర్ నుంచి బయటపడినవాడికి, కలలుగన్న తలుపు తెరుచుకుంది. తెరుచుకున్నది ఇంకొక ఇంట్లో పసిపిల్లకు క్యాన్సర్ రావడం వల్ల. ఇది మన కూడికలో చెప్పవలసి వస్తే ఎలా చెబుతాం? "దేవుడు నాకు ద్వారం తెరిచాడు" అని మైకులో అంటే, ఆ పాప తండ్రి వెనక వరుసలో కూర్చుని ఉంటే? మాకు జవాబు తెలియదు, తెలిసినట్టు నటించము. కాని మన సాక్ష్యాలు వింటున్నవారిలో ప్రతిసారీ అలాంటి తండ్రి ఒకరు కూర్చునే ఉంటారన్నది మాత్రం సేవలో మేము కళ్ళారా చూస్తున్నాం. మన ప్రార్థనకు రిపోర్టు మారినరోజునే, పక్క వీధిలో అంతే ప్రార్థించిన ఇంటి నుంచి శవం లేచిన సందర్భాలు ఉన్నాయి. ఆ ఇంటివారు మనకంటే తక్కువ విశ్వాసులు కారు.

హాడిన్ పాప బాగయింది. సంతోషం. పాప కుదుటపడ్డాక 2013లో హాడిన్ తిరిగి వచ్చాడు, వేడ్ పక్కకు జరిగాడు. 2015లో సొంత దేశంలో ప్రపంచ కప్ జరుగుతుంటే కీపర్ హాడినే. తర్వాత పీటర్ నెవిల్ వచ్చాడు. 2016 నవంబరులో మళ్ళీ వేడ్‌ను పిలిచారు. ఏడాది తిరిగేసరికి, 2017లో యాషెస్‌కు ముందు, మళ్ళీ తీసేశారు. ఎవరి కోసం? టిమ్ పెయిన్ కోసం! ఎవరుండగా చోటు లేదని పదేళ్ళ కిందట ఊరు వదిలాడో ఆ పెయినే. అప్పటికి పెయిన్ ఏడేళ్ళుగా టెస్టు ఆడలేదు, వేలి దెబ్బతో ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. అతని కథ ఇంకొకటి, దానికి ఇంకో వ్యాసం కావాలి.

వేడ్ అప్పటికే విక్టోరియా వదిలి టాస్మేనియాకు తిరిగి వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు నిండుతున్నాయి. ఆ వయసులో రెండుసార్లు తీసేసిన కీపర్‌కు మూడోసారి కబురు రావడం ఎప్పుడోగాని జరగదు. అతను బ్యాటింగ్ మీద పడ్డాడు. 2018-19లో దేశవాళీ షెఫీల్డ్ షీల్డ్‌లో వెయ్యి పరుగులు దాటాడు. 2019లో ఇంగ్లండ్‌లో యాషెస్‌కు పిలిచారు, ఈసారి గ్లవ్స్ లేకుండా, ఒట్టి బ్యాట్స్‌మన్‌గా. ఎడ్జ్‌బాస్టన్‌లో 110 చేశాడు. ఆ మ్యాచ్‌లో స్టీవ్ స్మిత్ రెండు సెంచరీలు కొట్టాడు, కాబట్టి లోకం స్మిత్ గురించే మాట్లాడింది. ఆఖరి టెస్టులో 117 చేశాడు. ఆ మ్యాచ్ ఓడిపోయారు.

2021 జనవరిలో బ్రిస్బేన్‌లో మనవాళ్ళు చరిత్ర సృష్టించారే, రిషభ్ పంత్ ఫోర్ కొట్టి గెలిపించాడే, వేడ్ ఆఖరి టెస్టు అదే. మన పండగ రోజు అతనికి వీడ్కోలు రోజు. ఆ ఏడాది ఆగస్టులో బంగ్లాదేశ్‌కు కుర్ర జట్టును ఇచ్చి అతన్ని కెప్టెన్‌గా పంపారు. అయిదింటిలో నాలుగు ఓడారు. ఆఖరి మ్యాచ్‌లో 62 పరుగులకే అందరూ అవుట్. టీ20ల్లో ఆస్ట్రేలియా అంత తక్కువకు ఎప్పుడూ కూలలేదు. ఇది జరిగిన మూడు నెలలకే దుబాయ్‌లో ఆ మూడు సిక్సర్లు. ఫైనల్‌కు ముందు ప్రాక్టీసులో పక్కటెముకల దగ్గర కండరం చిరిగింది. అయినా కీపింగ్ చేశాడు. ఆ రోజు అతనికి బ్యాటింగ్ రానే లేదు, ముందువాళ్ళే ముగించేశారు.

అతను సాధువేమీ కాడు. 2022లో ఐపీఎల్‌లో గుజరాత్ టైటాన్స్ తరఫున ఆడుతూ, ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చినందుకు డ్రెస్సింగ్ రూములో హెల్మెట్ విసిరికొట్టి మందలింపు తిన్నాడు. ఆ సంగతి మా కుర్రవాడికి భలే నచ్చింది. 2024 మార్చిలో షీల్డ్ ఫైనల్ ఓడి దేశవాళీ ఎర్రబంతి ఆట మానుకున్నాడు. ఆ జూన్‌లో సెయింట్ లూసియాలో ప్రపంచ కప్ మ్యాచ్, ఇండియా మీదే, ఒక్క పరుగు చేసి అవుటయ్యాడు. దేశానికి అదే ఆఖరు. అక్టోబరులో ప్రకటించి కోచింగ్ వైపు వెళ్ళాడు. మొత్తం 36 టెస్టులు, 97 వన్డేలు, 92 టీ20లు. ఎన్నిసార్లు తీసేశారో, ఎన్నిసార్లు పిలిచారో లెక్కపెట్టడం మా వల్ల కాలేదు.

అన్నిసార్లు తీసేసినా ఒక్క మాట మాత్రం అతన్ని ఎవరూ అన్నట్టు మాకు కనబడలేదు. "ఇందుకేనా నువ్వు క్యాన్సర్ నుంచి బ్రతికింది?" అని.

మా కుర్రవాడిని అన్నారు. పాలిటెక్నిక్‌లో రెండు సబ్జెక్టులు తప్పాడు. ఏ పిల్లవాడు తప్పడు? మా సంఘంలో సప్లిమెంటరీ రాయని ఇల్లు తక్కువ. అయితే మిగతా పిల్లలు తప్పితే "చదవలేదు" అంటారు, వీడు తప్పితే "దేవుడు నిన్ను బ్రతికించింది సబ్జెక్టులు పోగొట్టుకోవడానికా?" అన్నారు. అన్నవారు చెడ్డవారు కారు. వాడి కోసం మోకాళ్ళు అరిగేలా ప్రార్థించినవారే. నవ్వుతూనే అన్నారు. వాడు రెండు ఆదివారాలు రాలేదు. మేము ఇంటికి వెళ్తే గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. "అయ్యగారూ, నేను ఎన్నాళ్ళు చెప్పాలండి ఆ సాక్ష్యం? ప్రతి సభలోనూ లేపుతున్నారు. లేచినప్పుడల్లా నేను మళ్ళీ పద్నాలుగేళ్ళవాడినైపోతున్నాను" అన్నాడు.

"ఇక చెప్పక్కర్లేదు నాన్నా" అన్నాం. సంఘంలోనూ అలాగే చెప్పాం. పేరు రాయకపోవడానికి కారణం ఇదే.

యాయీరు కూతురు సంగతి మీకు తెలుసు, పన్నెండేళ్ళ పిల్ల. యేసు ప్రభువు లేపాడు. ఇంటినిండా జనం, బయట జనం. ఆయన ఆ పిల్లను వీధిలోకి తీసుకువెళ్ళి చూపించలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాడు, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ భాగం మీద ప్రసంగిస్తున్నాం, ఎప్పుడూ లేపడం దగ్గరే ఎక్కువసేపు గడుస్తుంది. ఈ మధ్య ఆ అన్నం దగ్గర ఆగుతున్నాం. ఆకలేసిన పిల్ల, ఏం వండారో, తల్లి ఏ గిన్నెలో పెట్టిందో. ఆ పిల్ల పెద్దయ్యాక ఏమైందో సువార్తల్లో లేదు. పెళ్ళయి ఉంటుంది, అత్తగారితో తగాదా పడి ఉంటుంది, కూర మాడ్చి ఉంటుంది. అవన్నీ ఆ బ్రతుకులోవే కదా.

వాడికి ఆట అంటే ప్రాణం. మాసూళ్ళయ్యాక కోసిన చేలో టెన్నిస్ బంతితో ఆడతారు మా పిల్లలు. తల్లి పంపదు. పెద్ద ఆసుపత్రి డాక్టరు ఆడుకోవచ్చని చెప్పి ఏడాది దాటింది. అయినా ఆమెకు గుండె ఒప్పదు. రెండున్నరేళ్ళు ఆసుపత్రి బయట చెట్టు కింద పడుకుని, వాడికి జ్వరం వస్తే పరుగెత్తిన తల్లి ఆమె. ఆమెను తప్పు పట్టే అర్హత ఎవరికీ లేదు. "మీరైనా చెప్పండి అయ్యగారూ, వద్దని" అని మమ్మల్నే అడిగింది. మేము వాక్యం తియ్యలేదు. డాక్టరు రాసిన కాగితం తెమ్మన్నాం, చదివి వినిపించాం, ఎందుకు భయపడనక్కర్లేదో ఆ కాగితంలో ఉన్నంతవరకే చెప్పాం. అమ్మగారు ఆమె పక్కన కూర్చుని ఒక గంట మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో మాకు తెలియదు. కనుమ రోజున వాడు ఆడాడు. రెండో బంతికే సున్నాకు అవుటయ్యాడు. గట్టు మీద నిలబడ్డ కుర్రాళ్ళందరూ కలిసి గోల చేశారు, ఎవరి మీదైనా చేసినట్టే. వాడు బ్యాటు నేలకేసి కొట్టాడు.

ఇంకొక్క సంగతి. పైన రాసిన వృషణాల సంగతి, బహిరంగంగా చెప్పలేని మిగతా సంగతులూ మగపిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని అడిగాం, వస్తానన్నారు. వచ్చే నెల రెండో శనివారం, సాయంత్రం నాలుగింటికి, మందిరంలో. పన్నెండేళ్ళు దాటిన మగపిల్లలు, వాళ్ళ తండ్రులు. ఏ సంఘం వారైనా, ఏ మతం వారైనా రావచ్చు. ఆడపిల్లలకూ తల్లులకూ వేరే రోజున ఏర్పాటు చేస్తున్నాం, నర్సమ్మగారి వీలు చూసుకుని తేదీ చెబుతాం. తండ్రులు ముందే రావడానికి మొహమాటపడుతున్నారు, పిల్లలకు ఆ బాధ లేదు. వాళ్ళ పేచీ ఒక్కటే. అయిదున్నరకల్లా వదిలేయాలట, పక్క ఊరితో మ్యాచ్ ఉందట.